పీహెచ్‌డీ అయ్యాక వెంటనే లా స్కూలా? కొంచెం ఆగండి

పీహెచ్‌డీ ఆఖర్లో ఉన్న జూనియర్లు ఈ మధ్య తెగ అడుగుతున్నారు, పేటెంట్ లైన్‌లోకి రావాలంటే లా స్కూల్‌కి అప్లై చేసేయాలా అని. ఇప్పుడే వద్దనే చెప్తా. అమెరికాలో పేటెంట్ ఆఫీస్ దగ్గర క్లయింట్ తరఫున అప్లికేషన్లు నడపడానికి అసలు లా డిగ్రీ అక్కర్లేదు, సైన్స్ డిగ్రీ ఉండి పేటెంట్ బార్ అనే పరీక్ష పాసైతే పేటెంట్ ఏజెంట్ అయిపోవచ్చు. 100 ప్రశ్నలు, అందులో లెక్కలోకొచ్చేవి 90, పాస్ మార్కు 70 శాతం. హెచ్‌1బీ మీదున్నవాళ్లకి మాత్రం పూర్తి రిజిస్ట్రేషన్ ఇవ్వరు, లిమిటెడ్ రికగ్నిషన్ అని ఇస్తారు, అది వీసాకి కట్టుబడి ఉంటుంది, అది ముందే తెలుసుకుని దిగండి.

ఎలక్ట్రికల్, సాఫ్ట్‌వేర్ వాళ్లకి బ్యాచిలర్స్ సరిపోతుంది. బయోటెక్‌లో మాత్రం పీహెచ్‌డీ లేకపోతే చాలా ఫర్మ్‌లు రెజ్యూమె కూడా చూడవు. ఎందుకో తెలియాలంటే 2023లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చిన ఆమ్‌జెన్, సనోఫీ అనే మందుల కంపెనీల కేసు చదవండి. కొలెస్ట్రాల్ తగ్గించే యాంటీబాడీల గొడవ అది. ఆమ్‌జెన్ 26 యాంటీబాడీల సీక్వెన్సులు ఇచ్చి, పీసీఎస్‌కే9 అనే, కొలెస్ట్రాల్ పెరగడానికి కారణమయ్యే ప్రోటీన్ మీద ఫలానా చోట అతుక్కుని దాన్ని అడ్డుకునే యాంటీబాడీలన్నీ మావే అంది. ఒక్క అమైనో యాసిడ్ మారిస్తే ఏమవుతుందో ముందే చెప్పలేమని ల్యాబ్‌లో చెయ్యి కాల్చుకున్న ఎవరికైనా తెలుసు కదా, కోర్టు కూడా దాదాపు అదే అంది, మిగతావన్నీ వెతుక్కునే పని జనం మీద వదిలేసి హక్కులు మాత్రం మొత్తం అడగకూడదని, జడ్జీలందరూ ఏకగ్రీవంగా. అంటే క్లెయిమ్‌ని, అదే పేటెంట్‌లో ఇంతవరకు నాది అని రాసుకునే వాక్యాన్ని, ఎంత వెడల్పు చేయొచ్చు అనేది చట్టం ప్రశ్నలాగే కనిపిస్తుంది గానీ జవాబు సగం ల్యాబ్ బెంచ్ మీదే ఉంటుంది. పీహెచ్‌డీకి ఇక్కడ విలువ అదే, పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోవడానికి కాదు.

మరి లా డిగ్రీ ఎందుకంటే, కోర్టులో వాదించాలన్నా, లైసెన్సింగ్ ఒప్పందాలు రాయాలన్నా, ఈ ప్రొడక్ట్ పక్కవాడి పేటెంట్‌కి అడ్డొస్తుందా లేదా అని సలహా ఇవ్వాలన్నా ఏజెంట్‌కి కుదరదు. అవి కావాలనిపిస్తే అప్పుడు వెళ్లండి. కొన్ని ఫర్మ్‌లు పీహెచ్‌డీ వాళ్లని టెక్నికల్ స్పెషలిస్ట్‌గా తీసుకుని ఈవెనింగ్ లా స్కూల్ ఫీజు కూడా కడతాయి. మూడేళ్ల జేడీ (అమెరికా లా డిగ్రీ) అలా చేస్తే మామూలుగా నాలుగేళ్లు పడుతుంది, పగలు డెడ్‌లైన్లు రాత్రి కాంట్రాక్ట్స్ క్లాసు, నిద్ర గురించి అడక్కండి.

ఒకటి మాత్రం ఎవరూ ముందు చెప్పరు, ఈ ఉద్యోగమంతా రాతే. పిప్పెట్ ఇక ముట్టుకోరు, పేటెంట్ ఆఫీస్ ఎగ్జామినర్ రిజెక్షన్ పంపుతాడు, మీరు జవాబు రాస్తారు, మళ్లీ పంపుతాడు. డబ్బు ఖర్చు పెట్టకముందే ఒక పని చేయండి, మీ లేటెస్ట్ పేపర్ తీసి దాని మీద క్లెయిమ్ 1 ఒక్క వాక్యంలో రాయండి, తర్వాత అందులో అనవసరమైన మాటలన్నీ కొట్టేయండి, పాత పేపర్లలో ఉన్నదానికి మాత్రం తగలకుండా. సాయంత్రమంతా దానితోనే గడిచిపోయినా విసుగు రాకపోతే పేటెంట్ బార్ ఫీజు కట్టేయండి.