పొలిమేర గీత ఎక్కడ పడాలి?

ప్రాంతీయ ప్రణాళిక అనగానే కొందరు మ్యాపు తెరిచి నగరం చుట్టూ వృత్తం గీసేస్తారు. ఆ గీత ఒక్క స్థానిక సంస్థను రెండుగా కోసినా చిక్కే. జనాభా లెక్కలు, పన్నుల రాబడి చాలావరకు సంస్థ మొత్తానికే దొరుకుతాయి. సగం ముక్కకు విడిగా లెక్క తీయడం కష్టం, అక్కడ అమలు బాధ్యత ఎవరిదో కూడా తేలదు. అందుకే తీసుకుంటే మొత్తం తీసుకోవాలి, లేదా మొత్తం వదిలేయాలి.

ఏవి తీసుకోవాలన్నదానికి యూరోపియన్ యూనియన్, ఓఈసీడీ (ఆర్థిక సహకారం, అభివృద్ధి కోసం ఏర్పడిన దేశాల సంస్థ) వాడే పద్ధతి నాకు నచ్చుతుంది. మ్యాపును సమానమైన గడులుగా విడగొట్టి, చదరపు కిలోమీటరుకు కనీసం 1,500 మంది ఉన్న గడులు పక్కపక్కనే ఉంటే కలుపుతారు. మొత్తం జనాభా 50,000కు చేరితే అది పట్టణ కేంద్రం. తమ జనాభాలో కనీసం సగం ఆ కేంద్రంలో ఉన్న స్థానిక సంస్థలు నగరం కిందికి వస్తాయి. పనిచేసేవాళ్లలో కనీసం 15 శాతం ఆ నగరానికి వెళ్లివచ్చే సంస్థలు దాని రాకపోకల పరిధి. చుట్టూ అన్నీ చేరి మధ్యలో ఒకటి మిగిలితే దాన్నీ కలిపేస్తారు. ఎక్కడో విడిగా పడినదాన్ని వదిలేస్తారు.

యూనిట్ మరీ పెద్దదైతే ఈ తూకం చెడుతుంది. అమెరికాలో ఇదే పని మన జిల్లాల్లాంటి కౌంటీలతో, 25 శాతం రాకపోకల కొలతతో చేస్తారు. కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినో కౌంటీ సుమారు 52,000 చదరపు కిలోమీటర్లు. జనమంతా దాదాపు నైరుతి మూలనే, మిగతాది చాలావరకు ఎడారి. అయినా కౌంటీ అంతా మహానగర (మెట్రో) ప్రాంతం కిందికే వస్తుంది. అలాంటిచోట సగటు జనసాంద్రతకు అర్థమే లేదు.

అసలు చాకిరీ మ్యాపు దగ్గర. చట్టం గుర్తించే హద్దు చాలాచోట్ల గెజిట్ మాటల్లో ఉంటుంది: ఫలానా సర్వే నంబరు, ఫలానా వాగు నడిమి గీత. చేతికొచ్చే డిజిటల్ లేయరు (కంప్యూటర్ మ్యాపులో హద్దుల పొర) మాత్రం ఏ పాత మ్యాపు మీదో గీసింది. 1:50,000 మ్యాపులో అర మిల్లీమీటరు గీత నేల మీద 25 మీటర్లు. పొరుగు సంస్థల హద్దులు వేర్వేరు స్కేళ్ల మ్యాపుల నుంచి వస్తే మధ్యలో సన్నటి ఖాళీలు, ఒకదానిపై ఒకటి ఎక్కిన పట్టీలు మిగులుతాయి. స్నాప్ దూరం (ఎంత దగ్గరున్న గీతలను సాఫ్ట్‌వేర్ ఒకటిగా అతికించాలో చెప్పే కొలత) పెంచితే అవి పోతాయి, వాటితోపాటు చిన్న లంకలూ పోతాయి. ఉమ్మడి హద్దును ఒక్కసారే గీసి రెండువైపులా దాన్నే వాడటం మేలు. వైశాల్యాన్ని వెబ్ మెర్కేటర్‌లో, అంటే ఆన్‌లైన్ మ్యాపులు గుండ్రటి భూమిని చదునుగా చూపడానికి వాడే పద్ధతిలో, కొలవొద్దు. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర అది నాలుగింతలు చూపిస్తుంది.

లెక్కల పట్టికలను మ్యాపుతో జోడించేటప్పుడు ఊళ్ల పేర్లతో కాదు, ఒక్కో సంస్థకు ఇచ్చిన కోడ్‌లతో కలపండి. ప్రతి హద్దుకూ అమల్లో ఉన్న తేదీలు రాయండి. విలీనం తర్వాత కొత్త హద్దుకు పాత కోడే తగిలిస్తే ఊరి జనాభా ఒక్క ఏడాదిలో రెట్టింపైనట్టు కనిపించవచ్చు. పాత లెక్కలను కొత్త హద్దుల్లోకి మార్చేటప్పుడు వైశాల్యం ప్రకారం పంచితే మరో తప్పు: వేరుపడిన 40 శాతం భూమి చెరువూ గుట్టా అయితే, అక్కడ లేని మనుషులకు నీళ్ల ట్యాంకు ప్రతిపాదిస్తాం. ఇళ్ల సంఖ్య ప్రకారం పంచాలి.