అర్ధరాత్రి త్రేన్పు
నిన్న రాత్రి ఆవకాయ అన్నం కాస్త ఎక్కువే తినడంతో, పడుకున్న గంటకే గుండెల్లో మంట మొదలై గొంతు దాకా పులుపు ఎగదన్నింది. అమ్మమ్మ గ్లాసు నీళ్లలో పావు చెంచా వంటసోడా కలిపి ఇస్తే తాగాను. కాసేపటికే పెద్ద త్రేన్పు వచ్చింది. బడిలో బట్టీ పట్టిన సమీకరణం నా కడుపులోనే జరిగిందని అప్పుడు తట్టింది. జఠర రసంలోని హైడ్రోక్లోరిక్ ఆమ్లం వంటసోడాతో, అంటే సోడియం బైకార్బనేటుతో కలిసి ఉప్పు, నీరు, కార్బన్ డయాక్సైడుగా మారుతుంది. ఆ వాయువే త్రేన్పు. ఖాళీ కడుపులో ఆ రసం పీహెచ్ (ఆమ్లత్వపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 2కు అటూ ఇటూగా, దాదాపు నిమ్మరసమంత పుల్లగా ఉన్నా, జిగురు పొర కాపాడుతుంది కాబట్టి కడుపు గోడకు ఏమీ కాదు, అంత రక్షణ లేని అన్నవాహిక మాత్రం మండుతుంది. సోడాలో సోడియం ఉంటుంది కనుక, రక్తపోటు ఉన్న అమ్మమ్మ తాను మాత్రం దాన్ని ముట్టదు. పొద్దున ఆవిడ చింతపండుతో ఇత్తడి చెంబు తోముతుంటే, నల్లని ఆక్సైడు పొర కరిగి పసుపు మెరుపు బయటపడడం చూస్తూ కూర్చున్నాను.