ముడత వైరస్ తెలిసినవాణ్ణి

మాది కొండపి దగ్గర పల్లె. ముప్పై ఏళ్లు పొగాకు వేశాను. వైరస్ అంటే నాకు తెలిసింది ఆకుముడత. తెల్లదోమ మోసుకొస్తుంది, ముడత పడ్డ మొక్కని పీకి పారేయడమే. అలాంటిది హైదరాబాద్ డాక్టరమ్మ "వైరస్ సాయంతో వైద్యం చేద్దాం అంకుల్" అంటే మా వాడి మొహం చూశాను.

మెడ మీద గడ్డ లింఫోమా అని, అంటే ఒక రకం రక్త క్యాన్సర్ అని ఒంగోలులో తేలింది. ఆరు కీమోలకి పోయి, ఏడాదిలో తిరగబెట్టింది. ఇంకో రకం కీమోకి లొంగలేదు. అందులో చెప్పుకోవడానికి వాంతులు తప్ప ఏం లేవు.

డాక్టరమ్మ చెప్పిన వైద్యం పేరు కార్-టి. నా రక్తంలోని టి కణాలు, అంటే రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలు తీసి, క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టేలా చేసే జన్యువుని వాటిలోకి ఎక్కిస్తారు. ఆ జన్యువుని మోసేది హెచ్ఐవి నుంచి తయారుచేసిన వైరస్. పెరిగే శక్తి తీసేస్తారు, లోడు దింపడం వరకే దాని పని. హెచ్ఐవి మాట ఊళ్లో ఎత్తొద్దని మా వాడికి గట్టిగా చెప్పాను.

వైరస్‌నే గడ్డలోకి సూది వేస్తారట కదా అని మా బావమరిది. అదీ ఉందట. హెర్పిస్ వైరస్‌ని మార్చి చేసిన మందుకి 2015లో అమెరికాలో అనుమతిచ్చారు, కానీ అది మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కి. ఐఐటి బొంబాయి, టాటా మెమోరియల్ కలిసి చేసిన కార్-టికి మన దేశంలో 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. విదేశీ ధరలో పదో వంతే అన్నారు. ఆ పదో వంతుకే రోడ్డు పక్క పొలం, పొగాకు కాల్చే బ్యారన్ పోయాయి.

మార్చిన కణాల్ని తిరిగి నా ఒంట్లోకి ఎక్కించడం అరగంట పని, సెలైన్ కన్నా తేలిక. మూడో రోజు నుంచి మొదలైంది జ్వరం. ఒళ్లు బ్యారన్‌లా కాలింది. కణాలు పని మొదలెట్టాయి, కంగారు పడొద్దన్నారు. మెదడు మీద ప్రభావం ఉందేమోనని రోజూ ఒక వాక్యం రాయించేవాళ్లు. "మాది కొండపి దగ్గర పల్లె" అని రాసేవాణ్ణి. ఐదో రోజు "మాది" దగ్గరే పెన్ను ఆగిపోయింది. ఊరు పేరు రాలేదు. స్టెరాయిడ్లు ఇచ్చారు. రెండు రోజులకి ఊరు తిరిగొచ్చింది, అక్షరాలు మాత్రం ఏటవాలుగా.

మూడో నెల పెట్ స్కాన్‌లో గడ్డ కనపడలేదు. ఈ కణాలు ఇన్ఫెక్షన్లని అడ్డుకునే మంచి బి కణాల్ని కూడా తినేస్తాయి, అందుకని ఇన్ఫెక్షన్ల టెన్షన్ ఇంకా ఉంది. మొన్న తమ్ముడి నారుమడిలో ముడత మొక్క కనపడితే అలవాటుగా పీకబోయాను.

"ముందు మాస్క్ పెట్టుకోండి!" అని గట్టు మీది నుంచి మా ఆవిడ కేక.