సోలెమ్‌లో ఒక్క మాట

3 కిలోమీటర్లకి 30 యూరోలు! క్రిస్మస్ పొద్దున ఫ్రాన్సులోని సాబ్లే ఊరి నుంచి సోలెమ్ క్రైస్తవ మఠం దాకా దింపడానికి టాక్సీ అతను ఫోనులో చెప్పిన రేటు అది. ఆ డబ్బుతో విజయవాడ నుంచి హైదరాబాదుకి ఏసీ బస్సులో వెళ్ళి రావచ్చు. ఒళ్ళు మండి నడక మొదలుపెట్టాను. ఎనిమిదిన్నర అయినా పూర్తిగా తెల్లవారలేదు. సార్త్ నది మీద మంచు పట్టి ఉంది. వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. పారిస్‌లో గడిపిన నాలుగు రోజుల గురించి చెప్పడానికి ఏమీ లేదు. నేను ఇంత దూరం వచ్చిందే ఈ రోజు మఠం చర్చిలో జరిగే బలిపూజలో (మాస్‌లో) పాడే ఒక్క పాట కోసం.

దానికి కారణం మా మేనత్త. చాలా ఏళ్ళ కిందట పెరొతాన్ అనే పాతకాలపు స్వరకర్త 'విదెరుంత్ ఓమ్నెస్' ('అందరూ చూశారు') ఆవిడకి వినిపించాను. పారిస్ నోత్రదామ్ చర్చిలో 1200 ప్రాంతంలో నాలుగు గొంతులకి కూర్చిన రచన అది. ఆ గుడిలో నాలుగు గొంతుల గానానికి అనుమతినిస్తూ బిషప్ ఇచ్చిన 1198 నాటి ఉత్తర్వు కూడా ఉంది. అడుగు గొంతు ఒకే స్వరాన్ని పట్టుకుని కదలదు. పైన మూడు గొంతులు మూడేసి దెబ్బల తిశ్రగతి లాంటి నడకలో, ఒకరి పలుకు ఒకరు అందుకుంటూ సుడి తిరుగుతాయి. అత్తయ్య కళ్ళు మూసుకుని, "తంబూరా నిండుగా ఉందిరా" అంది. చాలాసేపటికి ఆ అడుగు స్వరం ఉన్నట్టుండి మారింది. ఆవిడ ఉలిక్కిపడింది. "ఇదేమిటిరా, శ్రుతి జరిగిపోయింది!"

అది శ్రుతి కాదు, అసలు పాటే అది. అంతకు కొన్ని శతాబ్దాల ముందు నుంచి క్రిస్మస్ నాడు ఒంటి వరసలో పాడుతూ వచ్చిన గీతాన్ని స్వరం స్వరంగా సాగదీసి అడుగున పరిచారు. ఈ సంగతి చదివి తెలుసుకున్నానే గాని, నా చెవికి తెలియదు. ఆ అసలు పాటని విడిగా వినడానికే సోలెమ్ వచ్చాను. 1833లో గెరాంజే అనే మతగురువు సోలెమ్ మఠానికి మళ్ళీ ప్రాణం పోశాక, ఇక్కడి సన్యాసులు పాత రాతప్రతులను పోల్చి చూసి, పాడైపోయిన బాణీలను సరిచేశారు. ఇప్పటికీ లాటిన్‌లోనే పాడతారు.

గుడి పొడుగ్గా, ఇరుకుగా ఉంది. సన్యాసులు ఎక్కడో ఆ చివర కూర్చున్నారు. మొదటి బైబిలు పఠనం అయ్యాక కొందరు లేచి మధ్యకు వచ్చారు. 'విదెరుంత్'. అయిపోయింది! పెరొతాన్ చేతిలో 'వి' అన్న ఒక్క అక్షరమే ఎంతసేపు నిలిచిందో, అంతసేపు నిలుస్తుందని నా చెవి కాచుకుని ఉంది. ఇక్కడ మాటకి మాటే ఒక్క ఊపిరిలో వెళ్ళిపోయింది. నాకు దుఃఖం లాంటిది వచ్చింది.

పక్కన ఒక ముసలాయన మోకాళ్ళ మీద పుస్తకం తెరిచి పెట్టుకున్నారు. నాలుగు గీతల మీద నల్లటి చదరపు స్వరాలు. చరణంలో 'దోమినుస్' (ప్రభువు) అన్న మాట దగ్గర పాట ఆగి, ఒక్క అక్షరం మీదే ఎక్కుతూ దిగుతూ చుట్టలు చుట్టింది. ఆయన వేలు ఆ చదరాల వెంట నడుస్తోంది, కళ్ళు మాత్రం మూసే ఉన్నాయి.

అప్పుడు తట్టింది. నోత్రదామ్‌లో పాడినవాళ్ళు కూడా ఇలాంటివాళ్ళే. ఏటా పాడి పాడి బాణీ కంఠతా వచ్చినవాళ్ళకి అడుగు స్వరం మారడం ఉలికిపాటు కాదు, ఎదురుచూసిన రాక. కీర్తన బాగా తెలిసినవాళ్ళకే నెరవులో, అంటే ఒక్క పాదాన్నే పట్టుకుని రకరకాలుగా పాడడంలో, రుచి తెలుస్తుందని అత్తయ్య ఎప్పుడూ అనేది.

తిరుగు నడకలో ఆవిడకి ఫోను చేసి, గుర్తున్నంత వరకు పాడాను. "ఇంత చిన్నదా!" అంది. కాసేపాగి, "ఇంకోసారి పాడు, మెల్లగా" అంది. అవతల తంబూరా గవిసెన విప్పుతున్న చప్పుడు వినిపించింది.