హబ్బర్డ్ బ్రూక్ అడవిలో ఒక పూట

అక్టోబర్ మొదట్లో బోస్టన్ నుంచి న్యూ హాంప్‌షైర్ కొండలకు బయలుదేరేది రంగు మారిన ఆకుల కోసమే. మేమూ అదే వంకతో కారెక్కాం గానీ, నా మనసంతా వాగుల మీద ప్రయోగాలు జరిగే హబ్బర్డ్ బ్రూక్ అడవి మీదే ఉంది. "వాగు చూడ్డానికి రెండు గంటల డ్రైవింగా అక్కా?" అని తమ్ముడు దారంతా సణిగాడు.

ఉత్తర అమెరికాలో ఆమ్ల వర్షం సంగతి బయటపడింది ఈ అడవిలోనే. 1963లో పర్యావరణ శాస్త్రవేత్తలు జీన్ లైకెన్స్, హెర్బర్ట్ బోర్మన్ బృందం ఇక్కడి వాన నీటిని పరీక్షిస్తే పీహెచ్ 3.7 దాకా దిగింది. కాలుష్యం లేని చోట వాన 5.6 దగ్గర ఉంటుంది; ఈ అంకె ఎంత తగ్గితే ఆమ్లం అంత ఎక్కువ.

పరిశోధన జరిగే చోట్లకు పోకుండా దారి మీదే నడిచాం. పిల్లవాగులకు అడ్డంగా కాంక్రీటు గోడ, దాని మీద V ఆకారంలో కోసిన రేకు. అందులోంచి పారే నీటిని కొలుస్తారు, అందులో ఏం కొట్టుకుపోతోందో పరీక్షిస్తారు. వాన తెచ్చే నైట్రిక్ ఆమ్లంలోని నైట్రేట్‌ను మట్టి పట్టి ఉంచలేదు, రెండింటిదీ రుణావేశమే. అది పోతూ పోతూ కాల్షియం, మెగ్నీషియంలను కూడా వెంట తీసుకుపోతుంది. నత్రజనికే మరో రూపమైన అమ్మోనియంది ధనావేశం కాబట్టి మట్టికి అతుక్కుంటుంది. దాన్ని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా మాత్రం ఆమ్లం పెరిగి పులిసిన మట్టిలో మందగిస్తుంది. మన పొలాల్లో యూరియా ఎక్కువైతే ఆ బాక్టీరియా పనివల్లే నేల ఇంకా పులుస్తుంది, అదో పేచీ.

ఒక పరీవాహకంలో, అంటే ఒక పిల్లవాగులోకి నీరు చేరే కొండవాలులో, 1965 చివర్లో చెట్లన్నీ కొట్టి, మళ్లీ మొలవకుండా మందు చల్లారు. పీల్చుకునే వేళ్లు లేక వాగులో నైట్రేట్ తాగునీటి హద్దు దాటిపోయింది. నాకు ఎక్కువ ఆశ్చర్యం వేసింది మరో ప్రయోగం. వానలు హరించిన కాల్షియాన్ని తిరిగివ్వాలని 1999లో ఒక పరీవాహకం మీద హెలికాప్టర్‌తో కాల్షియం సిలికేట్ గుళికలు చల్లారు. మేపుల్ చెట్లు తేరుకున్నాయి. పదేళ్లు దాటాక మాత్రం, అంతకుముందు నత్రజనిని దాచుకునే ఆ అడవి వచ్చినదానికంటే ఎక్కువ వాగులోకి వదలడం మొదలెట్టింది.

"అంటే బాగుచేస్తే పాడైందా?" అన్నాడు తమ్ముడు. చెట్లనడిగితే ఒక జవాబు, వాగునడిగితే ఇంకొకటి అన్నాను. వాడికి ఆకలేస్తోంది, లింకన్ ఊళ్లో పిజ్జా దొరుకుతుందేమోనని ఫోన్ తీశాడు.