మైకు ముందు చెప్పింది కాగితం మీదకి రప్పించండి

అబద్ధమాడటం దానంతట అది నేరం కాదు. హైదరాబాద్‌లో ఏ పెద్ద ఘటన జరిగినా సాయంత్రానికి ప్రెస్‌మీట్ ఉంటుంది. అక్కడ అధికారి మాటకు ప్రమాణం ఉండదు, సంతకం ఉండదు. తప్పని తేలినా సెక్షన్ దొరకడం కష్టం. అదే మాట కోర్టులో ప్రమాణం చేసి రాసిచ్చే జవాబుగా, అంటే కౌంటర్ అఫిడవిట్‌గా దాఖలైతే మాత్రం భారతీయ న్యాయ సంహిత 229 ఉంది: 7 ఏళ్ల దాకా జైలు, 10,000 దాకా జరిమానా. అందుకే మైకు ముందు మాటతో వాదన పెట్టుకోవడం దండగ.

చటాన్‌పల్లి చూడండి. 2019 డిసెంబర్ 6న షాద్‌నగర్ దగ్గర ‘దిశ’ అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. నిందితులు తుపాకులు లాక్కున్నారు, ఆత్మరక్షణకు కాల్చామని పోలీసులన్నారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ విచారణ కమిషన్ ముందు అదే కథ ప్రమాణం చేసి, ఎదురు ప్రశ్నలకు తట్టుకుని చెప్పాల్సొచ్చింది. నిలబడలేదు. 2022 మేలో బయటికొచ్చిన నివేదిక ఆ కథనాన్ని నమ్మలేదు, 10 మంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలంది. నివేదిక తీర్పు కాదు లెండి, దాన్ని హైకోర్టులో సవాలు చేశారు కూడా.

మీకు అనుమానమొస్తే ప్రెస్ నోట్ పక్కన ఎఫ్‌ఐఆర్, పంచనామా (సాక్షుల ఎదుట రాసే ఘటనాస్థలి నివేదిక), రిమాండ్ రిపోర్ట్ (నిందితుణ్ణి కస్టడీకి పంపమని కోర్టుకిచ్చే కాగితం) పెట్టుకుని ముందు గంటలు చూడండి. ఘటన ఎప్పుడు, స్టేషన్‌కు కబురు ఎప్పుడు, ఎఫ్‌ఐఆర్ కోర్టుకు పంపింది ఎప్పుడు? కథ అల్లితే ఎక్కువగా ఇక్కడే దొరుకుతుంది. తర్వాత పంచుల, అంటే పంచనామాకు సంతకం పెట్టిన సాక్షుల పేర్లు. ఒకే మనిషి నాలుగు కేసుల్లో పంచుగా కనిపిస్తే అతను దారిన పోతూ ఆగిన సాక్షి కాడు. ఫిర్యాదుదారుకు ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితం. సున్నితమైన కేసులు కాకపోతే 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది.

మిగతావి సమాచార హక్కు కింద అడగాలి. చాలామంది బోల్తా పడేది ‘ఎందుకు’ దగ్గర. ‘ఎందుకు కాల్చారు’ అంటే జవాబు రాదు, చట్టం ఇచ్చేది రికార్డు మాత్రమే. ‘ఫలానా తేదీ జనరల్ డైరీ నకలు’ అని అడగండి, స్టేషన్‌లో రోజూ జరిగింది రాసే పుస్తకం అది. రుసుము 10 రూపాయలు, నకలుకు పేజీకి 2, గడువు 30 రోజులు. ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించినదైతే 48 గంటలే. ‘దర్యాప్తులో ఉంది’ అని, దర్యాప్తుకు అడ్డమైతే సమాచారం ఆపొచ్చనే సెక్షన్ 8(1)(హెచ్) చూపిస్తారు. ఆ ఒక్క ముక్క చాలదు, నకలిస్తే దర్యాప్తుకు ఎలా అడ్డమో చెప్పాలి. మొదటి అప్పీలుకు 30 రోజులు, ఆపైన 90 రోజుల్లోగా మొజంజాహీ మార్కెట్ దగ్గరున్న రాష్ట్ర సమాచార కమిషన్‌కు. తెలిసి తప్పుడు సమాచారమిస్తే సెక్షన్ 20 కింద రోజుకు 250 చొప్పున 25,000 దాకా జరిమానా, అదీ ఆ అధికారి సొంత జేబులోంచి.

అఫిడవిట్ అబద్ధమని తేలితే స్టేషన్‌కు పరిగెత్తకండి, అక్కడ కేసు కట్టరు. ఏ కోర్టులో దాఖలైందో అదే కోర్టులో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చినది) 379 కింద పిటిషన్ వేయాలి. అవసరమనుకుంటే కోర్టే ఫిర్యాదు చేస్తుంది. రెండు మాటలు పొసగకపోవడం సాధారణంగా చాలదు, తెలిసీ రాశాడని చూపాలి. అందుకే ఏది సొంత ఎరుకతో రాశాడో, ఏది రికార్డు చూసి రాశాడో చెప్పే చివరి వెరిఫికేషన్ పేరా ముందు చదవండి. ‘రికార్డుల ప్రకారం’ అని ఉంటే సదరు అధికారి తప్పించుకునే దారి ముందే వేసుకున్నట్టు. అప్పుడు అడగాల్సింది ఆ రికార్డునే.

ఈ కత్తి మీవైపూ తెగుతుంది. ఎవరినో ఇరికించాలని తప్పుడు ఫిర్యాదిస్తే న్యాయ సంహిత 217 కింద ఏడాది దాకా జైలు. మేజిస్ట్రేట్ ముందు సాక్షిగా ఇచ్చే వాంగ్మూలం ప్రమాణం మీదే నడుస్తుంది. స్టేషన్‌లో దర్యాప్తు అధికారి రాసుకునే వాంగ్మూలంపై మాత్రం సంతకం తీసుకోకూడదు, పెట్టమన్నా పెట్టకండి. ‘ఈ కథ నమ్మను’ అని ఫేస్‌బుక్‌లో రాయడం నేరం కాదు. ఆధారం లేకుండా ఒక అధికారిని పేరు పెట్టి హంతకుడన్నారంటే అది అదే సంహితలో 356, పరువు నష్టం.