కరివేపాకు కుండీ దగ్గర జెరాల్డ్ డరెల్

"మీది ఏ ఊరు?" అని అడిగితే చెన్నైలో పుట్టిన తెలుగు పిల్లలు ఒక్క క్షణం అమ్మ ముఖం వైపు చూస్తారు. తాతయ్య ఉండే నెల్లూరు పేరు చెప్పాలా, తాముండే వేళచ్చేరి పేరు చెప్పాలా? జంతువుల గురించి రాసిన ఇంగ్లీషు రచయిత జెరాల్డ్ డరెల్ విషయంలోనూ ఈ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు లేదు. పుట్టింది 1925లో, జంషెడ్‌పూర్‌లో. అమ్మానాన్నలిద్దరూ ఇండియాలో పుట్టినవాళ్లే. ఇంజనీరైన తండ్రి 1928లో పోయాక తల్లి లూయిసా పిల్లల్ని తీసుకుని ఇంగ్లండు చేరింది. 1935లో అదీ వదిలేసి గ్రీసు దీవి కోర్ఫూకి వెళ్లారు, యుద్ధం వచ్చిన 1939 దాకా అక్కడే ఉన్నారు. ఆ దీవిలో అతనికి పురుగుల్నీ నీటిగుంటల్నీ చూడడం నేర్పిన డాక్టర్ థియొడోర్ స్టెఫనైడిస్ పుట్టిందేమో బొంబాయిలో! డరెల్‌ని జంతువుల రచయితగానే కాదు, ఊరు మారిన పిల్లవాడిగా కూడా మన పిల్లలకు పరిచయం చేయాలి. అతను ఆ దీవితో చుట్టరికం కలుపుకున్నది అక్కడి పల్లెజనంతో, తోటగోడ సందుల్లో బతికే జీవాలతో.

ఆ కోర్ఫూ రోజుల గురించి అతను రాసిన "మై ఫ్యామిలీ అండ్ అదర్ యానిమల్స్" 1956లో వచ్చింది. పదేళ్లు దాటిన పిల్లలకు సరిపోతుంది. మొదటి పేజీ నుంచి మొదలుపెడితే మాత్రం చాలామంది పక్కన పడేస్తారు, ఎందుకంటే ఆరంభమంతా ఆ ఇంట్లోవాళ్ల వాదులాటలు. అకిలీజ్ అనే తాబేలు వచ్చే భాగంతో మొదలుపెట్టండి. స్ట్రాబెర్రీలంటే ప్రాణమిచ్చే ఆ తాబేలు పాడుబడ్డ బావిలో పడి చనిపోతుంది. అన్న కృత్రిమ శ్వాస అందించబోతాడు, అక్క దాని గొంతులో స్ట్రాబెర్రీలు కుక్కి చూద్దామంటుంది. నవ్వూ ఏడుపూ ఒకే పేజీలో ఉంటాయి. వాక్యం ఇంగ్లీషులో చదివి వెంటనే తెలుగులో చెప్పే పద్ధతి పనిచేయదు. వర్ణన సాగుతుంది, హాస్యం చస్తుంది. ఒక సంఘటన మొత్తం ఇంగ్లీషులో చదివి, పుస్తకం మూసి, అప్పుడు తెలుగులో చెప్పండి. ఆదివారం ఫోన్లో అదే కథ అమ్మమ్మకు చెప్పే పని పిల్లలది. "బాగున్నావా, తిన్నావా" దగ్గర ఆగిపోయే తెలుగు అక్కడ కాస్త పొడుగవుతుంది.

ఈ పుస్తకం చదివిన పిల్లలు వారంలోపే ఏదో ఒక జంతువు కావాలని అడుగుతారు. ఇక్కడే జాగ్రత్త. 1930ల కోర్ఫూలో చెల్లినవి ఇక్కడ చెల్లవు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన రామచిలుకని, నక్షత్ర తాబేలుని ఇంట్లో పెట్టుకోవడం నేరం, దుకాణంలో ఎంత ధీమాగా అమ్మినా సరే. చెవి దగ్గర ఎర్ర చార ఉండే బుల్లి తాబేళ్లు ఈ దేశానివి కావు. అవి పెరిగి పెద్దవయ్యాక జనం చెరువులో వదిలేస్తారు, అక్కడి తాబేళ్లకు ముప్పు తెస్తారు. ఇక పుస్తకంలో డరెల్ అగ్గిపెట్టెలో పిల్లలతో సహా తల్లి తేలుని దాచడం, సిగరెట్టు వెలిగించుకుందామని అన్న భోజనాల బల్ల దగ్గర ఆ పెట్టె తెరవడం – అది చదివి నవ్వుకోవడానికే.

అపార్ట్‌మెంటులో చట్టానికీ ఇంటికీ ఇబ్బంది లేని జీవి ఒకటుంది: బాల్కనీలోని కరివేపాకు, నిమ్మ మొక్కల మీద పెరిగే గొంగళిపురుగు. నిమ్మ సీతాకోకచిలుక, కామన్ మార్మన్ రెండూ ఈ మొక్కల మీద గుడ్లు పెడతాయి. లేత ఆకు మీద ఆవగింజంత లేతపసుపు గుడ్డు కనిపిస్తే రోజూ చూస్తూ ఉండండి. మూడు నాలుగు రోజులకు పురుగు బయటికొస్తుంది. మొదట్లో అచ్చం పిట్టరెట్టలా ఉంటుంది, పక్షులు తినకుండా అదే దాని రక్ష. తర్వాత పచ్చగా మారుతుంది. మెల్లగా తాకితే తల వెనక నుంచి కొమ్ముల్లాంటిది బయటికి చాచి ఘాటు వాసన వదులుతుంది.

లీటరు పట్టే వెడల్పు మూతి సీసా చాలు. మూతకు బదులు పల్చటి చీరముక్క, రబ్బరు బ్యాండు. సీసాకు రెండు పురుగులకు మించి వద్దు. చిన్న మందుసీసాలో నీళ్లు పోసి రెమ్మ గుచ్చి, సందంతా దూదితో మూయాలి. లేకపోతే పురుగు కిందికి పాకి నీళ్లలో పడి చస్తుంది. అడుగున కాగితం వేసి రోజూ మార్చాలి. ఈశాన్య రుతుపవనాల రోజుల్లో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, సీసాలో చెమ్మ పట్టి బూజొస్తుంది, ఇంకాస్త గాలి ఆడనివ్వండి. బజారు కరివేపాకు వేయకండి. దాని మీద మిగిలిన పురుగుమందుకు పచ్చటి ద్రవం కక్కి చచ్చిపోతాయి. ఆకు మార్చేటప్పుడు పురుగుని వేళ్లతో లాగకూడదు, అది కూర్చున్న ఆకునే కత్తిరించి కొత్త రెమ్మ మీద పెట్టాలి. మధ్యమధ్య ఒక రోజంతా కదలకుండా ఉంటుంది. అది చర్మం మార్చుకుంటోంది. చచ్చిపోయిందని పారేసేది ఇక్కడే.

రెండు వారాలు దాటాక తిండి మానేసి, పల్చగా విసర్జించి, సీసా అంతా తిరుగుతుంది. అప్పుడు ఒక పుల్ల ఏటవాలుగా పెట్టండి. నడుముకు పట్టుదారం చుట్టుకుని ప్యూపా, అంటే కదలని గూటిదశ, అవుతుంది. పది రోజులు అటూ ఇటూగా, ఎక్కువగా ఉదయంపూట, సీతాకోకచిలుక వస్తుంది. తడి రెక్కలు వేలాడదీసి ఆరబెట్టుకోవడానికి చోటు కావాలి. ఇరుకులో కింద పడితే రెక్క ముడతపడి ఇక ఎగరలేదు. రెండు గంటలు ఎవరూ ముట్టుకోకూడదు. ఒక్కోసారి ప్యూపా నల్లబడి అందులోంచి చిన్న కందిరీగలు వస్తాయి, అవి పరాన్నజీవులు. పిల్లలు నిరాశపడతారు కానీ, డరెల్ అయితే ఆ రోజే ఎక్కువ రాసేవాడు.

రాయడం దగ్గర అతనిది ఒక ముచ్చటైన పద్ధతి: మనుషుల గురించి ఎంతైనా పెంచి రాస్తాడు, జంతువు ప్రవర్తనని మాత్రం చూసింది చూసినట్టు రాస్తాడు. పుస్తకంలో పెద్దన్న లారీ ఆ ఇంట్లోనే ఉంటాడు. నిజానికి అప్పటికే పెళ్లయి, చాలాకాలం భార్య నాన్సీతో వేరే ఉన్నాడు. పుస్తకంలో నాన్సీ ఊసే లేదు. పిల్లల నోటుబుక్కులోనూ ఇదే నియమం పెట్టండి. గొంగళిపురుగుని చూసి బాబాయ్ మంచమెక్కాడని రాసుకోవచ్చు, కానీ అది ఎన్ని ఆకులు తిన్నదో మాత్రం లెక్కపెట్టే రాయాలి. దాని పేరు తెలుగులో నాయనమ్మని, తమిళంలో వాచ్‌మన్ అన్నని అడగాలి, ఫోనుని కాదు.

1959లో అతను జెర్సీ దీవిలో సొంత జూ తెరిచాడు, 1963లో వన్యప్రాణుల్ని కాపాడే ట్రస్టు పెట్టాడు. దాని గుర్తు అంతరించిపోయిన పక్షి డోడో. పుస్తకాల డబ్బు ఈ పనికి ఆసరా అయింది. మారిషస్ కెస్ట్రెల్ అనే డేగజాతి పక్షులు 1974లో అడవిలో నాలుగే మిగిలాయి. వాటిని నిలబెట్టినవాళ్లలో ఆ ట్రస్టూ ఉంది. ఇలాంటి పనిని కళ్లతో చూడాలంటే చెన్నై దగ్గర ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద మొసళ్ల బ్యాంకు ఉంది. న్యూయార్క్‌లో పుట్టి ఇక్కడ పెరిగిన రోములస్ విటేకర్ 1976లో మొదలుపెట్టాడు. అన్ని మడుగులూ చుట్టేయకుండా ఒక్కదాని దగ్గర ఇరవై నిమిషాలు నిలబడండి. నోరు తెరిచి పడుకున్న మొసలి కోపంగా లేదు, ఒళ్లు చల్లబరుచుకుంటోంది.

కామెరూన్ యాత్రల పుస్తకాలు, 1953 నాటి "ది ఓవర్‌లోడెడ్ ఆర్క్" లాంటివి, పదమూడేళ్లు దాటాక ఇవ్వండి. అందులో అడవి జంతువుల్ని పట్టి ఓడలో తెస్తాడు, అక్కడివాళ్ల ఇంగ్లీషుతో నవ్విస్తాడు. ఆ పేజీల దగ్గర ఆగి, ఈ నవ్వు ఎవరి మీద అని అడగండి. తమిళ ఉచ్చారణ తప్పినందుకు క్లాసులో నవ్వులపాలైన పిల్లలు ఈ ప్రశ్నకు మనకంటే ముందే జవాబు చెబుతారు.